తక్‌పట్టీ చదవలేని ఏడో తరగతి విద్యార్థి: బడిలో ఏది మార్చాలి, ఏది ఉంచాలి (ఒక కేస్ స్టడీ)

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తుండగా నా ముందుకు వచ్చిన ఒక విద్యార్థి కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను. తక్‌పట్టీ అంటే మార్కెట్లో పంట అమ్మాక రైతుకు ఇచ్చే లెక్కల చీటీ. ఊరు, మండలం, పిల్లవాడి పేరు చెప్పడం లేదు. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. ఇది రాయడానికి తండ్రి, పిల్లవాడు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇప్పుడున్న బడిని బాగుచేసుకోవాలా, లేక దాన్ని పక్కన పెట్టి పూర్తిగా మరో ఏర్పాటు చూసుకోవాలా అనే చర్చ మా స్టాఫ్‌రూములో ఏళ్లుగా నడుస్తోంది. ఈ కేసులో నేను రెండు వాదాలనూ ఒకదాని తర్వాత ఒకటి ఆచరణలో పెట్టి చూశాను. ఆ క్రమంలో నేను చేసిన పొరపాట్లకు ఒక పిల్లవాడి విద్యాసంవత్సరం చాలావరకు ఖర్చయింది. అందుకని ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో దాచకుండా రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

నేపథ్యం

పిల్లవాడిది బడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న లంబాడా తండా. ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు. తెలుగు అతనికి బడిలోనూ బజారులోనూ వచ్చిన భాష. తండ్రికి కొంత సొంత భూమి, కొంత కౌలు భూమి ఉన్నాయి. పత్తి, మిర్చి పండిస్తారు. పత్తి ఏరుడు దసరాతో మొదలై సంక్రాంతి దాకా నడుస్తుంది. ఆ తర్వాత మిర్చి ఏరుడు మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. అంటే విద్యాసంవత్సరంలో రెండో సగమంతా పొలం పనులు పిల్లల్ని పిలుస్తూనే ఉంటాయి.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు అతను రెండో తరగతి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు ప్రసారం చేశారు. కాగితం మీద అతని మూడో తరగతి ఆ పాఠాలతోనే పూర్తయింది. నిజానికి ఆ ఏడాదంతా మేకల వెంట తిరిగాడు. 2021 సెప్టెంబరులో బడి తలుపులు తెరుచుకునే సరికి నాలుగో తరగతిలో ఉన్నాడు. 2022–23లో ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు చేతికొచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి తొలిమెట్టు మొదలైంది కానీ, అప్పటికి అతను అయిదులో ఉన్నాడు. పునాది పోసే పని మొదలైన ఏడాదే ప్రాథమిక బడి దాటి మా దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో గోర్ బోలి, పాఠం తెలుగులో, పరీక్ష ఇంగ్లీషులో.

సమస్య ఎలా బయటపడింది

ఆరో తరగతి మొత్తం అతను నా క్లాసులోనే కూర్చున్నాడు. నాకేమీ తెలియలేదు. ఈ వాక్యం రాయడం కష్టంగానే ఉంది.

ఏడో తరగతి జులైలో ఒక రోజు పాఠం చదవమని అడిగాను. లేచి నిలబడి, ఎక్కడా తడబడకుండా ఒక పేరా అప్పజెప్పినట్టు చదివాడు. బెంచీల మధ్య నడుస్తూ అతని దగ్గరికి వచ్చి చూస్తే, పుస్తకం ఆ పేజీ దగ్గర లేదు. రెండు పేజీల ముందుది తెరిచి ఉంది. చూపుడువేలు మాత్రం వరుస వెంట ఎడమ నుంచి కుడికి నింపాదిగా కదులుతోంది. నేను మెల్లగా ఆ పేజీని తిప్పాను. అతను ఆగలేదు, వేలు తీసి కొత్త పేజీ మీద పెట్టి, పాత వాక్యమే పూర్తి చేశాడు.

ఆ సాయంత్రం అతని నోటుబుక్కులు తెప్పించుకొని చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. బోర్డు మీది ప్రతి అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు దించుకున్నాడు. ఆరేళ్ల చదువులో అతను సంపాదించింది రెండు నైపుణ్యాలు: ఒకసారి విన్నదాన్ని గుర్తుంచుకోవడం, చూసినదాన్ని దించడం. బడి అడిగింది కూడా ఆ రెండింటినే కాబట్టి అతని లోటు ఎవరి కంటా పడలేదు.

మరునాడు ఒంటరిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, పేరా, కథ అనే నాలుగు మెట్ల పరీక్ష చేశాను. అచ్చులు, హల్లులు చాలావరకు గుర్తుపట్టాడు. ప, వ, ష దగ్గర తికమక పడ్డాడు. 'కూలి' అని రాసి చూపిస్తే పెదవులు కదిలాయి. దగ్గరికి వంగి వింటే 'క, కా, కి, కీ, కు, కూ' అని గుణింతం మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి 'కూ' దగ్గర ఆగుతున్నాడు. ఆ తర్వాత 'ల, లా, లి'. రెండో అక్షరం దొరికే సరికి మొదటిది మరిచిపోతున్నాడు. గుణింతం అతనికి పాటగా వచ్చింది, గుర్తుగా రాలేదు. ఒత్తులు అసలే రావు. అదే పిల్లవాణ్ణి క్వింటాలు 16,000 అయితే 40 కిలోలకు ఎంతరా అని అడిగితే, కాగితం ముట్టుకోకుండా 6,400 అన్నాడు. తెలివికి కొదవ లేదని అర్థమైంది కాబట్టి లోపం నేర్పిన క్రమంలో ఉందని నిర్ధారణకు వచ్చాను.

స్టాఫ్‌రూములో ఈ సంగతి చెప్పగానే ఒక సహోద్యోగి, ఫెయిల్ చేయకుండా పైకి పంపుతూ పోవడమే దీనికంతటికీ మూలం అన్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని ఆపకూడదు. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వెసులుబాటు ప్రభుత్వాలకు వచ్చింది. నా లెక్క వేరు. ఇతన్ని మూడో తరగతిలోనే ఇంకో ఏడాది ఉంచితే, అదే పుస్తకాన్ని అదే వేగంతో రెండోసారి వినేవాడు, ఇంకా బాగా కంఠస్థం చేసేవాడు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సెక్షన్ 4. ఎన్నడూ బడిలో చేరని, మధ్యలో మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అది చెబుతుంది. బడి మానేసిన పిల్లవాడికి ఉన్న ఆ హక్కు, రోజూ వచ్చి బెంచి మీద కూర్చున్న ఈ పిల్లవాడికి వర్తించలేదు. కూర్చున్నాడంటే నేర్చుకున్నట్టే అనే నమ్మకం చట్టం రాసినవారిలోనూ ఉంది, హాజరు వేసిన నాలోనూ ఉంది.

మొదటి ప్రయత్నం

సాయంత్రం బడి వదిలాక ఒక గంట ఒకటో తరగతి వాచకంతో మొదలుపెట్టాను. అక్షరాలే సరిగా రాకపోతే అక్షరాల నుంచే మొదలుపెట్టాలన్నది నా తర్కం. అది నాలుగు వారాలు కూడా నడవలేదు. పదమూడేళ్లు నిండి, పెదవి మీద నూనూగు మీసం కనిపిస్తున్న పిల్లవాడి చేతిలో అరటిపండు బొమ్మ ఉన్న పుస్తకం పెట్టాను. వరండాలో వెళ్లే పిల్లలు తొంగిచూసి నవ్వేవారు. పైగా తండాకు వెళ్లే ఆటో బడి వదలగానే కదిలేది. నా గంట పూర్తయ్యాక అతను నాలుగు కిలోమీటర్లు నడవాలి. మూడో వారం నుంచి కడుపునొప్పి అన్నాడు, నాలుగో వారం రాలేదు. నేను బడికి అదనంగా ఒక గంట చేర్చాను తప్ప బడిలో ఏమీ మార్చలేదు. మిగిలిన ఆరు గంటలు అతను మునుపటిలాగే పేజీ మీద వేలు కదుపుతూ కూర్చున్నాడు.

రెండో ప్రయత్నం: బడి బయట

దసరా సెలవుల తర్వాత అతను బడికి రాకపోతే తండాకు వెళ్లాను. తండ్రి నన్ను మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మర్యాద తప్పకుండానే నిలదీశాడు. "సార్, ఆరేండ్ల సంది పంపుతున్న. మార్కెట్ల ఇచ్చిన తక్‌పట్టీ సదువురా అంటే నేల సూస్తడు. మీరన్నా చెప్పున్రి, ఇంక ఆ బడితోని ఏం పని?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటికే నా మనసు బడిని పూర్తిగా మార్చేయాలనే వాదం వైపు మొగ్గి ఉంది. గంట, తరగతి, సిలబస్ అనే చట్రమే పిల్లవాడిని ఓడిస్తున్నప్పుడు ఆ చట్రంలోకే మళ్లీ ఎందుకు లాక్కురావాలి అనుకున్నాను. తండాలో డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతున్నాడు. పిల్లవాడు అక్కడ తన వేగంతో నేర్చుకుంటాడు, ఫోనులో పాఠాలు వింటాడు, 14 ఏళ్లు నిండాక తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాస్తాడు అని ఒక పథకం వేసుకొని తండ్రిని ఒప్పించాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లవాడిని తిరిగి తరగతికి తేవలసిన ఉపాధ్యాయుణ్ణి నేనే అలా సలహా ఇవ్వడం తప్పు. పిల్లవాడి మేలు కోరే ఆ పని చేశాను, అయినా తప్పే.

మొదటి అయిదు వారాలు ఫలితం కనిపించింది. దాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. ఆ యువకుడు గోర్ బోలిలోనే వివరించేవాడు. 'యాడి', 'బాటి', 'పాణి' అని ఇంటి మాటలను తెలుగు అక్షరాల్లో రాసి చదివించాడు. అర్థం ముందే తెలిసిన మాట కాబట్టి, పిల్లవాడి శ్రమంతా అక్షరాన్ని గుర్తుపట్టడం మీదికే వెళ్లింది. గుణింతం పాడుకోవడం తగ్గింది. బడి ఆరేళ్లలో చేయలేని పని నెల రోజుల్లో జరిగిందని స్టాఫ్‌రూములో గట్టిగానే వాదించాను.

అప్పటికి పత్తి ఏరుడు ముమ్మరమైంది. చదువు సాయంత్రం కాబట్టి పగలు పిల్లవాడు ఖాళీ. ఖాళీగా ఉన్న పదమూడేళ్ల చేతులను పత్తి చేను ఊరికే ఉండనివ్వదు. మొదట సొంత చేలో, తర్వాత కూలికి వెళ్లాడు. సాయంత్రానికి అలసిపోయి వచ్చి నిద్రపోయేవాడు. డిసెంబరులో ఆ యువకుడు పోలీసు ఉద్యోగం కోచింగ్ కోసం హనుమకొండ వెళ్లిపోయాడు. ఆయన్ను తప్పుపట్టలేను, అది ఆయన బతుకుదెరువు. అయితే ఆయన వెళ్లిపోయిన సంగతి నాకు మూడు వారాల దాకా తెలియలేదు. అక్కడ హాజరుపట్టీ లేదు. పిల్లవాడు రాలేదని అడగవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు.

సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్లాను. పిల్లవాడి వేళ్ల కొసలు పత్తికాయ మొనలు గీరుకొని పగుళ్లు బారి ఉన్నాయి. ఫోను తీసి చూపించాడు. పాఠం నవంబరులో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

బాలకార్మికులను బడిలో చేర్పించే స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ వారు 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో చేసిన పని గురించి నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చిందనీ తెలుసు. పగటి బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది వారి మూల సూత్రం. రాత్రిబడి చదువు అనేది పగటి కూలిని ఒప్పుకోవడమే అవుతుందని వారి వాదన. అది మరీ కఠినమైన వాదమని నాకు అనిపించేది. ఆ పిల్లవాడి వేళ్లు చూశాక ఆ సూత్రం ఎందుకంత కఠినంగా ఉండాలో అర్థమైంది. బడికి ప్రత్యామ్నాయం మంచిదా చెడ్డదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. పిల్లవాడు బడి వదిలితే అతని పగటిని ఎవరు తీసుకుంటారు అన్నది ముందు చూడాలి. పట్నంలో అది అమ్మానాన్నల పర్యవేక్షణలోని చదువు కావచ్చు, మా దగ్గర అది చేను.

మూడో ప్రయత్నం

ఈసారి ప్రశ్నను రెండుగా విడగొట్టాను. బడిలో దేన్ని వదులుకుంటే పిల్లవాడు నష్టపోయాడు? పగలంతా పట్టి ఉంచే ఏర్పాటు, మధ్యాహ్న భోజనం, ఈడు పిల్లలు, రాకపోతే అడిగే హాజరుపట్టీ. బడిలో ఏది ఉండటం వల్ల అతను అంతకు ముందే నష్టపోయాడు? వయసును బట్టి తరగతి, తరగతిని బట్టి పుస్తకం, పుస్తకాన్ని బట్టి వేగం. మొదటివి ఉంచి రెండోదాన్ని తీసేయగలమా అన్నదే మా ముందున్న పని.

ముందుగా 6, 7, 8 తరగతుల పిల్లలందరికీ అదే నాలుగు మెట్ల పరీక్ష చేశాం. డెబ్బై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు రెండో తరగతి స్థాయి పేరా చదవలేకపోయారు. నేను ఒక్క పిల్లవాడి సమస్య అనుకున్నది ఇరవై ఆరుమందిదని తేలడం బాధ కలిగించింది, కానీ పరిష్కారం కూడా అందులోనే దొరికింది. ఒక్కడే పెద్దవాడు చిన్న పుస్తకం పట్టుకుంటే సిగ్గు. మూడు తరగతుల పిల్లలు ఇరవై ఆరుగురు కలిసి ఒక గదిలో కూర్చుంటే అది ఒక తరగతి.

ప్రార్థన తర్వాత మొదటి రెండు పీరియడ్లలో తరగతులను కలిపేసి, చదివే స్థాయిని బట్టి జట్లు చేయాలని ప్రతిపాదించాను. గణితం మేడమ్ వెంటనే అడ్డుచెప్పారు: "సార్, రోజుకు రెండు పీరియడ్లు పోతే నా సిలబస్ ఎట్లయితది? ఫార్మేటివ్ మార్కులు నింపేటప్పుడు అడిగేది నన్నే కదా." ఆమె భయం సబబైనదే, మా పనిని కొలిచేది పూర్తయిన పాఠాల సంఖ్యతోనే. ఆమెను నేను వాదించి ఒప్పించలేదు. ఆమె క్లాసులోనే ఒక రాతలెక్కను పిల్లలతో పైకి చదివించమన్నాను. లెక్క చేయగలిగిన ఎనిమిదిమంది ఆ ప్రశ్న చదవలేకపోయారు. వారం తర్వాత ఆమే ఒక జట్టును తీసుకుంటానన్నారు. ప్రధానోపాధ్యాయులు మార్చి దాకా ప్రయోగంగా చేయమని అనుమతి ఇచ్చి, తనిఖీ వస్తే తానే మాట్లాడతానన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే ఈ పని మొదలయ్యేది కాదు.

ఏ పుస్తకంతో చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. వాచకం అప్పటికే ఓడిపోయింది. తండా యువకుడు చేసిన దాంట్లోంచి ఇంటి మాటలతో మొదలుపెట్టే పద్ధతిని తీసుకున్నాను, కానీ పిల్లవాడి వయసుకు తగిన కాగితం కావాలి. తండ్రి మాట గుర్తొచ్చింది. పాత తక్‌పట్టీలు తెమ్మన్నాను. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో సరుకు అమ్మాక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో ఇచ్చే ఆ సన్నని కాగితం మీద బస్తాల సంఖ్య, తూకం, రేటు, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి కూలి), కమీషన్ కోతలు, చేతికొచ్చే మొత్తం వరుసగా ఉంటాయి. పిల్లలకు అంకెలు వస్తాయి కాబట్టి ఏ వరుస దేని గురించో సగం ఊహించగలరు. ఊహించి, సరిచూసుకోవడానికి అక్షరం మీదికి వెళ్తారు. 'హమాలీ', 'రేటు' గుణింతానికి పనికొచ్చాయి. 'బస్తా', 'మిర్చి', 'పట్టీ', 'అడ్తి', 'క్వింటాల్' అనే అయిదు మాటల్లో నాలుగు రకాల ఒత్తులు దొరికాయి. అచ్చుల నుంచి ఒత్తుల దాకా వరుసలో వెళ్లాలనే నా ఇరవై ఏళ్ల అలవాటును అక్కడ వదిలేశాను.

గుణింతాన్ని కలిపి పాడించడం పూర్తిగా ఆపేశాం. ఒకే గుర్తును వేర్వేరు అక్షరాలకు పెట్టి చదివించాం: కీ, లీ, టీ, చీ. పాడుకుంటూ మెట్లెక్కే దారి మూసేస్తే గుర్తును నేరుగా పట్టుకోవడం తప్ప వేరే మార్గం ఉండదని అలా చేశాం. మొదటి పది రోజులు పిల్లవాడు మునుపటికన్నా నెమ్మదించాడు. నేను కంగారుపడ్డాను. పన్నెండో రోజునో పదమూడో రోజునో 'కమీషన్' అన్న మాట దగ్గర పెదవులు కదలకుండా చదివాడు.

ఫిబ్రవరిలో మిర్చి ఏరుడు మొదలైంది. హాజరు పడిపోతుందని తెలుసు. జట్టుకు విడిగా ఒక హాజరుపట్టీ పెట్టి, ఎవరు రాకపోయినా ఆ సాయంత్రమే అదే తండా పిల్లలిద్దరు వెళ్లి అడిగేలా చేశాం. రెండో రోజూ రాకపోతే నేను వెళ్లేవాణ్ణి. తండ్రిని బతిమాలడం, చట్టం చెప్పి బెదిరించడం రెండూ మానుకున్నాను. మార్చిలో ఒకసారి అతను కొత్త తక్‌పట్టీ తెచ్చుకున్న రోజు కొడుకు దాన్ని చదివి, హమాలీ కింద ఎంత పోయిందో, దడ్వాయి కింద ఎంత పోయిందో విడివిడిగా చెప్పాడు. ఆ సీజన్లో ఆ పిల్లవాడు బడి మానింది మొత్తం ఆరు రోజులు.

ఫలితం, మిగిలిపోయినవి

ఏప్రిల్ చివరికి అతను పేరా మెట్టు దాటాడు; ఎనిమిదో తరగతి దసరా నాటికి తెలియని కథను తనంతట తాను చదివి సంగతి చెప్పగలిగాడు. చదివే వేగం ఇప్పటికీ తక్కువే. ఇంగ్లీషులో వెనకబడే ఉన్నాడు, సాంఘికశాస్త్రం సమాధానాలు ఇంకా కంఠస్థం చేస్తూనే ఉన్నాడు. ఇరవై ఆరుమందిలో పందొమ్మిదిమంది ఒకటి రెండు మెట్లు పైకొచ్చారు. ఇద్దరు బడి మారారు. అయిదుగురిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వారిలో ఒక పాపకు చూపు సమస్య ఉందని ఆలస్యంగా తెలిసింది. ఆమెను అక్షరాల కన్నా ముందు కంటి పరీక్షకు పంపవలసింది.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవాటిలో మొదటిది, పిల్లవాడి లోటును అతని నోటితో కాకుండా పేజీతో సరిచూడాలన్నది. గడగడా చదివే పిల్లవాడికి తెలియని పేరా ఇచ్చి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు నేను ఏడాదిపాటు పెట్టలేదు. బడిని తీసేసే ఏర్పాటులో పిల్లవాడికి నిజంగా పనికొచ్చిన పద్ధతి దొరికింది, దాన్ని బడిలోకి తెచ్చుకున్నాం. కానీ ఆ ఏర్పాటు మొత్తం ఒక మనిషి వీలు మీద నిలబడింది, ఆ మనిషి వెళ్లిన రోజే కూలిపోయింది. మా ఏర్పాటు కూడా ప్రధానోపాధ్యాయుల మాట మీద నిలబడి ఉందని నాకు తెలుసు. వారు బదిలీ అయితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంకా జవాబు వెతుకుతున్నాం. మొదటి రెండు పీరియడ్లను టైంటేబుల్లోనే అచ్చువేయించి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంలో రాయించడం దాకా వచ్చాం.

ఈ జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరో తరగతిలో చేరిన పిల్లలందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాళ్లు ఎన్నడూ చూడని పేరా చదివించాం. తొమ్మిదిమంది చదవలేకపోయారు. వాళ్ల పేర్లను జట్టు హాజరుపట్టీలో చేర్చాం. ఆ పట్టీకి ఈసారి గణితం మేడమ్ ఇంటి నుంచే అట్ట వేసి తీసుకొచ్చారు.